గూడు కట్టే గిరినాగు

విద్యార్థులారా! పాములు గుడ్లు పెడతాయని, కొన్ని రకాలు పిల్లల్ని కంటాయని మీరు చదివే వుంటారు. మరి గూడు కట్టే పామును గురించి ఎప్పుడైనా విన్నారా? ప్రపంచంలో సుమారు 4,000 రకాల పాములున్నాయి. వాటిలో ఆకులు పోగుచేసి గూడు కట్టుకునేది రాచనాగు ఒక్కటే. కొండ అడవుల్లో వుంటుంది కాబట్టి ఉత్తరాంధ్రలో దీన్ని గిరినాగు అంటారు.

మన భైంసా నల్లరేగడి చేలల్లో కనిపించే నాగుపాము వేరు, గిరినాగు వేరు. నిర్మల్ దగ్గరి మహబూబ్ ఘాటు టేకు అడవులు వేసవిలో ఆకు రాల్చి ఎండిపోతాయి. గిరినాగుకు తేమ, దట్టమైన నీడ కావాలి. అందుకే అది అల్లూరి సీతారామరాజు, పార్వతీపురం మన్యం జిల్లాల వంటి తూర్పు కనుమల ప్రాంతాల్లోను, ఒడిశా, ఈశాన్య రాష్ట్రాల్లోను నివసిస్తుంది. పడమటి కనుమల్లో దీని దాయాది వుంది. 1836లో శాస్త్రజ్ఞులు దీనికి తొలిసారి పేరు పెట్టారు. అప్పటినుండి రాచనాగులన్నీ ఒకే జాతి అనుకునేవారు. 2024లో జన్యువులను, పొలుసులను, చారలను పోల్చిచూసి, ఇవి నాలుగు జాతులని తేల్చారు.

విషసర్పాలన్నిటిలో పొడవైనది యిదే. సాధారణంగా 3 నుండి 4 మీటర్లు వుంటుంది. 5 మీటర్లు దాటినవీ వున్నాయి. కోపం వస్తే శరీరంలో మూడో వంతు పైకి లేపి, సన్నని పడగ విప్పి, గుర్రుమన్నట్లు బుస కొడుతుంది.

ఇంతకీ దీని ఆహారం ఏమిటి? పాములే! ముఖ్యంగా జెర్రిపోతులు; అప్పుడప్పుడు నాగుపాములు, కట్లపాములు కూడా. ఎలుకను జెర్రిపోతు తింటుంది, జెర్రిపోతును గిరినాగు తింటుంది. ఆ అడవి ఆహారపు గొలుసులో దాదాపు చివరి లంకె యిది. పై లంకెలో వుండే జంతువుల సంఖ్య ఎప్పుడూ తక్కువే. కాబట్టి ఒక్కటి చచ్చినా ఆ లోటు త్వరగా తీరదు.

ఇక గూటి సంగతి చూద్దాం. వేసవిలో ఆడపాము ఎండుటాకులను, వెదురాకులను తన శరీరపు చుట్లతో దగ్గరికి లాగి కుప్ప వేస్తుంది. అందులో 20 నుండి 40 గుడ్లు పెట్టి, పైన చుట్ట చుట్టుకుని కాపలా కాస్తుంది. చలికాలపు ఉదయం పెంటకుప్పను కదిలిస్తే ఆవిరి లేస్తుంది, చూశారా? సూక్ష్మజీవులు చెత్తను కుళ్ళబెట్టేటప్పుడు వేడి పుడుతుంది. గూటిలోనూ జరిగేది అదే. ఆకుల పొరలు ఆ వేడిని నిలుపుతాయి, వాన నీటిని జారవిడుస్తాయి. రెండు మూడు నెలలకు పిల్లలు బయటికి వస్తాయి. అవి సుమారు అర మీటరు పొడవుండి, నల్లని ఒంటిపై లేత చారలతో వుంటాయి. అంతకు ముందే తల్లి గూడు విడిచి వెళుతుంది. ఆకలిమీద తన పిల్లలనే తినకుండా యిలా వెళుతుందని శాస్త్రజ్ఞుల అంచనా.

దీని విషం సంగతేమిటి? బొట్టుకు బొట్టు పోలిస్తే కట్లపాము విషమే ఘాటైనది. కాని గిరినాగు ఒక్క కాటుతో చాలా ఎక్కువ విషం ఎక్కించగలదు. తాళంలో వేరే తాళంచెవి ఇరుక్కుంటే అసలు తాళంచెవి పనిచేయదు కదా! అలాగే ఆ విషం నరం, కండరం కలిసేచోట అడ్డుపడి, నరం పంపిన కబురు కండరానికి అందనివ్వదు. ఊపిరి ఆడించే కండరాలు ఆగిపోతే ప్రాణం పోతుంది. మన ఆసుపత్రుల్లోని విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర విషాలకోసం తయారైనది. గిరినాగు విషానికి దాన్ని నమ్ముకోలేము. థాయిలాండులో మాత్రం దీనికి ప్రత్యేకమైన మందు తయారుచేస్తారు.

అయినా భయపడకండి. గిరినాగు మనిషి అలికిడి వినగానే తప్పుకుపోయే జంతువు. అది కాటువేయడం చాలా అరుదు. 2000 నుండి 2019 వరకు మన దేశంలో పాముకాటువల్ల ఏటా సగటున 58,000 మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. వాటిలో ఎక్కువ భాగం మన చేలల్లో, యిళ్ళ చుట్టూ తిరిగే పాములవల్ల జరిగినవే.

నిజానికి ప్రమాదంలో వున్నది గిరినాగే. అడవి తరిగేకొద్దీ అది తోటల్లోకి, ఊళ్ళలోకి వచ్చి దెబ్బలు తింటున్నది. వన్యప్రాణి చట్టం ప్రకారం దాన్ని చంపడం నేరం. ఉత్తరాంధ్రలో ఈస్టర్న్ ఘాట్స్ వైల్డ్‌లైఫ్ సొసైటీ వంటి సంస్థలు గ్రామస్థులకు నచ్చజెప్పి, గిరినాగులను కాపాడే పని చేస్తున్నాయి.

మనమేం చేయాలి? ఏ పాము కనిపించినా కర్ర వెదకకండి. దూరంగా నిలబడి, దాన్ని పోనివ్వండి. యింట్లో దూరితే అటవీశాఖవారికి కబురు చేయండి. ఎవరినైనా పాము కరిస్తే కోయకండి, గట్టిగా కట్టకండి, మంత్రగాడికోసం పరుగెత్తకండి. కరిచిన కాలో చెయ్యో కదలకుండా వుంచి, వెంటనే ఆసుపత్రికి చేర్చండి. ఈ నాలుగు మాటలు యింట్లో పెద్దలకు కూడా చెప్పండి.