కుజుడి మీద ఏ భాష?

మా అన్నయ్య మనవడికి తొమ్మిదేళ్ళు. ఇక్కడే కిన్వట్‌లో మరాఠీ బడిలో చదువుతున్నాడు. మొన్న సెలవుల్లో వాడికి రోజుకొకటి చొప్పున రే బ్రాడ్‌బరీ కథలు చెప్పాను. ఈ అమెరికా రచయిత పుస్తకం ‘ది మార్షియన్ క్రానికల్స్’ 1950లో వచ్చింది. దేనికదే కథ గాని, వరుసగా చదివితే ఒక ఊరి చరిత్రలా ఉంటుంది. భూమి మీది జనం రాకెట్లెక్కి కుజగ్రహానికి వలసపోతారు. ఇళ్ళు కట్టుకుంటారు, కొండలకూ లోయలకూ తమ పేర్లు పెట్టుకుంటారు, తినుబండారాల కొట్టు తెరుస్తారు. భూమి మీద యుద్ధమని తెలియగానే పెట్టెలమ్మే దుకాణదారు ఇక గిరాకీ పెరుగుతుందని లెక్కవేస్తాడు. జనం స్వస్థలానికి తిరుగుముఖం పడతారు కదా! బి.కాం. చదివి బ్యాంకులో చేరిన నాకు రాకెట్ల సంగతి తెలియదు గాని, ఈ పెట్టెల కొట్టు లెక్క మాత్రం బాగా తెలుసు.

అన్నిటికన్నా కలచివేసే కథ 2026 ఆగస్టు 4న భూమి మీదే, కాలిఫోర్నియాలో జరుగుతుంది. ఇల్లే వంట చేస్తుంది, మర ఎలుకలు ఊడుస్తాయి, గోడలోంచి గొంతు ఇవాళ ఎవరి పుట్టినరోజో చెప్పి, ఇన్సూరెన్సు, నీళ్ళు, గ్యాసు, కరెంటు బిల్లులు కట్టాలని గుర్తు చేస్తుంది. వినడానికి మనుషులే లేరు. అణుబాంబు పడింది. తోటలో పనిచేస్తున్న తల్లిదండ్రులు, బంతి ఆడుతున్న పిల్లలు గోడమీద నీడలుగా మిగిలారు. (1997 ముద్రణలో పుస్తకంలోని తేదీలన్నీ 31 ఏళ్ళు ముందుకు జరిపారు. మా బ్యాంకు భాషలో గడువు పొడిగింపు!)

ఈ కథ విని వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు:

“తాతా, కుజుడి మీద ఏం మాట్లాడ్తరు? మరాఠీనా, మన తెలుగా?”

బ్రాడ్‌బరీ మనుషులు ఇంగ్లీషే మాట్లాడతారు. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. కిన్వట్ తాలూకా 1956 అక్టోబరు చివరిదాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఆదిలాబాద్ జిల్లాది. నవంబరు 1న బొంబాయి రాష్ట్రంలో కలిసింది, 1960లో మహారాష్ట్ర అయింది. మా నాన్న ఏ రాకెట్టూ ఎక్కలేదు, గడప దాటకుండానే వేరే రాష్ట్రం వాడయ్యాడు. నేను తెలుగు చదవడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. వీడికి మాట వచ్చు, అక్షరం రాదు. తప్పు వాడిది కాదు, మాది.

మరాఠీ పిల్లలకు ఈ విషయంలో అదృష్టం ఉంది. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ విష్ణు నార్లీకర్ 1974లో మరాఠీ విజ్ఞాన పరిషత్తు పోటీకి ‘కృష్ణవివర్’ కథ పంపారు. పేరు చూసి బహుమతి ఇచ్చారని అనిపించుకోకూడదని, పొడి అక్షరాలు తిరగేసి నారాయణ్ వినాయక్ జగతాప్ అయ్యారు. మొదటి బహుమతే వచ్చింది. ఆపైన 2025లో పోయేదాకా ఎంత పెద్ద పేరు తెచ్చుకున్నా, మాతృభాషలో కథలు రాయడం చిన్నతనమనుకోలేదు. మనకూ ‘ఆదిత్య 369’ ఉంది. సింగీతం శ్రీనివాసరావు గారు 1991లో తీసిన ఆ సినిమాలో కాలయంత్రం 2504కు వెళుతుంది. యుద్ధం తర్వాత జనం భూమి లోపల బతుకుతుంటారు, అయినా తెలుగే మాట్లాడతారు! ఇది చెబితే వాడు తెగ సంతోషించాడు.

పుస్తకంలోని చివరి కథలో, యుద్ధం తప్పించుకుని కుజుడికి చేరిన తండ్రి పిల్లలకు కుజగ్రహవాసులను చూపిస్తానంటాడు. కాలువ దగ్గరికి తీసుకెళ్ళి నీళ్ళలో వాళ్ళ నీడలే చూపిస్తాడు. ఇక మీరే వాళ్ళు అన్నమాట. ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. మా వదిన మాత్రం, “మరి పాత ఊరి సంగతి పిల్లలకెవరు చెప్తరు?” అంది.

సెలవులు అయిపోయేలోగా వాడూ ఒక కథ రాశాడు. 2095లో కిన్వట్. పైనగంగ మీద ఎగిరే బస్సు, హోంవర్కు చేసిపెట్టే మర. మొత్తం మరాఠీలోనే. అందులో ఒక ముసలమ్మ మనవణ్ణి అన్నానికి పిలుస్తుంది. ఆ రెండు ముక్కలు మాత్రం తెలుగే, దేవనాగరి లిపిలో రాసుకున్నాడు.