ఆ మూడు సెకన్ల గరగర... వినీ విననట్టు వదిలేయకండి!

రాత్రంతా ఆగి ఉన్న కారు పొద్దున్నే స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు గరగరమని, తర్వాత మామూలైపోతోందా? ‘పాత బండి కదా, అంతే’ అనుకోకండి. అది టైమింగ్ చైన్ ఇచ్చే వార్నింగ్ కావచ్చు.

మాది తణుకు. నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఈమధ్య సెలవులకి ఇంటికెళ్తే నాన్నగారి డీజిల్ కారు ఇలాగే అరుస్తోంది. నా ఓబీడీ స్కానర్ పెడితే పి0016 కోడ్ చూపించింది. అంటే క్రాంక్, క్యామ్ లెక్క కలవట్లేదని అర్థం. సెన్సర్, వైరింగ్ పాడైనా ఇదే కోడ్ రావచ్చు. అందుకే హైవే పక్కన షెడ్‌కి తీసుకెళ్లాం. మెకానిక్ బాబాయి చెవి పెట్టి విని, “ఇప్పుడైతే కిట్ మారిస్తే సరిపోద్దండి. చైన్ జంప్ అయ్యిందంటే హెడ్ దింపాలండి” అన్నారు.

లోపల ఏం జరుగుతుంది?

క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే క్యామ్‌షాఫ్ట్ ఒక చుట్టు తిరగాలి. ఆ లెక్క తప్పకుండా చూసేదే టైమింగ్ చైన్. అది ఊగకుండా పక్కనుండే ప్లాస్టిక్ పట్టీలు గైడ్లు. వదులవకుండా నొక్కి పట్టేది టెన్షనర్. చాలా ఇంజిన్లలో టెన్షనర్‌ని నెట్టేది ఆయిల్ ప్రెషరే. స్టార్ట్ చేశాక ఆ ప్రెషర్ అందేలోపు, వదులైన చైన్ గైడ్లకి కొట్టుకుంటుంది. మనకి వినిపించే గరగర అదే.

మా కారు విప్పితే గైడ్ మీద గాడి పడి, కొస విరిగి ఉంది. ఆ ముక్క సంపులో దొరికింది. అలాంటి ముక్కలు ఆయిల్ పీల్చే జాలీకి అడ్డం పడితే ఇంజిన్‌కే ముప్పు. చైన్ పళ్లు దాటితే చాలా ఇంజిన్లలో పిస్టన్లు తగిలి వాల్వులు వంగిపోతాయి.

మీటర్‌ని నమ్మకండి

మా కారు తిరిగిన కిలోమీటర్లు తక్కువే. కానీ నాన్నగారి పని ఆకివీడు వైపు చేపల చెరువుల మీద. గట్ల మీద ఫస్ట్, సెకండ్ గేర్లలో నడక, ఏసీ కోసం ఇంజిన్ ఆపకుండా గంటల తరబడి కూర్చోవడం. మీటర్ కదలకపోయినా ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది. డీజిల్ మసి ఆయిల్‌లో చేరి చైన్ పిన్నుల్ని అరగదీస్తుంది. అందుకే సర్వీస్ బుక్‌లో కిలోమీటర్లతో పాటు నెలలూ చూడండి. ఏది ముందొస్తే అప్పుడే ఆయిల్ మార్చాలి.

మార్పించేటప్పుడు...

* టెన్షనర్ ఒక్కటే వేసి సరిపెట్టొద్దు. చైన్, గైడ్లు, స్ప్రాకెట్లు కలిపి కిట్‌గా మార్పించండి.

* సంపు విప్పించి జాలీ శుభ్రం చేయించండి. ఆయిల్, ఫిల్టర్ కొత్తవి వేయించండి.

* స్టార్ట్ చేసేముందు లాకింగ్ పిన్నులు తీసేసి, క్రాంక్‌ని చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి, టైమింగ్ మళ్లీ సరిచూడమనండి. ఎక్కడైనా పట్టేస్తే అక్కడే ఆపాలి.

బెల్ట్‌కి ఫలానా కిలోమీటర్లకి మార్చాలని లెక్కుంటుంది. చైన్‌కి చాలా కార్లలో అలాంటి లెక్క ఉండదు. అందుకే అందరూ మర్చిపోతారు. రేపు పొద్దున్న పాటలు పెట్టేముందు అద్దం దించి, మొదటి మూడు సెకన్లు ఇంజిన్ మాట వినండి.