నిర్దోషి అని తేలింది, ఎవరూ సంతోషించలేదు

చేయని నేరానికి శిక్ష అనే పాయింట్ మీద వచ్చే థ్రిల్లర్లు మనం చాలానే చూసుంటాం. హీరోని జైల్లో వేస్తారు, చెల్లెలో లాయరో ఊరంతా తిరిగి సాక్ష్యం పట్టుకొస్తారు, క్లైమాక్స్‌లో జడ్జిగారు నిర్దోషి అంటారు, కోర్టు మెట్ల మీద అందరూ ఏడుస్తారు. నిజం బయటపడితే సినిమా అయిపోయినట్టే. అగాథా క్రిస్టీ నవల 'ఆర్డీల్ బై ఇన్నోసెన్స్' (1958) నాకు అంతగా నచ్చడానికి కారణం, ఆ క్లైమాక్స్ ఇందులో మొదటి పేజీల్లోనే వచ్చేస్తుంది. అసలు భయం ఆ తర్వాత మొదలవుతుంది. పొయిరో లేడు, మిస్ మార్పుల్ లేదు. హంతకులెవరో నేను చెప్పను, ధైర్యంగా చదవండి.

సన్నీ పాయింట్ అనే ఇంట్లో రేచెల్ ఆర్గైల్ అనే డబ్బున్న ఆవిడని, నిప్పులు కదిపే ఇనుపకడ్డీతో తల మీద కొట్టి చంపేస్తారు. ఆవిడకి సొంత పిల్లలు లేరు, ఐదుగురిని దత్తత తీసుకుంది. అందులో జాకో అనేవాడు చిన్నప్పటినుంచీ తలనొప్పే. ఆ రోజు డబ్బు కోసం తల్లితో గొడవపడ్డాడు, బెదిరించాడు. ఆవిడ బ్యాంకు నుంచి తెచ్చిన నోట్లు అతని దగ్గర దొరికాయి. "ఆ టైమ్‌కి నేను ఇంట్లో లేను, ఎవరో కారులో లిఫ్ట్ ఇచ్చారు" అని మొత్తుకున్నా, ఆ కారాయన దొరకలేదు. యావజ్జీవ శిక్ష పడింది. ఆరు నెలలకి న్యుమోనియాతో జైల్లోనే పోయాడు.

రెండేళ్ళ తర్వాత ఆర్థర్ కాల్గరీ అనే సైంటిస్ట్ ఆ ఇంటి తలుపు కొడతాడు. లిఫ్ట్ ఇచ్చింది ఆయనే. ఆ తర్వాత లండన్‌లో లారీ గుద్ది, తలకి దెబ్బ తగిలి ఆ ప్రయాణమే మర్చిపోయాడు. కోలుకోగానే అంటార్కిటికా యాత్రకి వెళ్ళిపోయాడు. (కొంచెం ఎక్కువైంది కదా? నాకూ అలాగే అనిపించింది. కానీ కేసు గురించి ఒక్క పేపరూ అందని చోటు ఇంకెక్కడుంది?) తిరిగొచ్చాక పాత పేపర్లో జాకో ఫోటో చూసి అంతా గుర్తొస్తుంది. మీ అబ్బాయి ఈ హత్య చేయలేదు అని చెబితే వాళ్ళు సంతోషిస్తారనుకుని వస్తాడు. ఎవరూ థ్యాంక్స్ కూడా చెప్పరు. ఎందుకొచ్చావురా బాబూ అన్నట్టు చూస్తారు.

ఎందుకో అర్థం కావాలంటే అలిబీ ఎలా పనిచేస్తుందో చూడాలి. ఆ పదం లాటిన్‌ది, 'వేరేచోట' అని అర్థం. 2024 దాకా అమల్లో ఉన్న మన 1872 నాటి సాక్ష్య చట్టం 11వ సెక్షన్‌లోనూ దీనికి ఉదాహరణ ఉండేది: నేరం కలకత్తాలో జరిగింది, ఆ రోజు నిందితుడు లాహోర్‌లో ఉన్నాడంటే ఆ విషయం కేసుకి సంబంధించినదే. ఒకే మనిషి ఒకేసారి రెండుచోట్ల ఉండలేడు, అంతే లాజిక్. కానీ అలిబీ ఒకణ్ణి సెట్‌లోంచి తీసేస్తుంది గానీ నేరాన్ని తీసేయదు. హత్య జరిగింది, చేసింది ఇంట్లోవాళ్ళే అయుండాలి. జాకో పోతే మిగిలింది భర్త లియో, ఆయన పెళ్ళిచేసుకోబోతున్న సెక్రటరీ, నలుగురు పిల్లలు, ఒక అల్లుడు, పిల్లల్ని పెంచిన కిర్‌స్టెన్. మొత్తం ఎనిమిది మంది. నిన్నటిదాకా సున్నా అనుమానం ఉన్న ప్రతివాళ్ళ మీదా ఇవాళ ఎంతోకొంత పడుతుంది.

కుక్కను చంపాలంటే పిచ్చిదని ముద్ర వేయాలంటారు. జాకోకి ఆ ముద్ర ముందే ఉంది. వాడు దోషి అయితే అందరికీ సుఖం: చెడ్డవాడు చెడ్డపని చేశాడు, పోయాడు. ఇప్పుడు మాత్రం పక్కగదిలో ఉన్నవాళ్ళని కూడా అనుమానంగా చూడాలి. హెస్టర్‌ని ప్రేమించిన కుర్రడాక్టరు కూడా ఆమెని అదోలా చూడటం మొదలుపెడతాడు. పుస్తకంలో నన్ను ఎక్కువ కుదిపింది అదే. తప్పు చేయనివాళ్ళకి తాము చేయలేదని నిరూపించుకునే దారి లేదు, ఎందుకంటే వాళ్ళ మీద కేసే లేదు.

ఇంటి రహస్యాలన్నీ అప్పుడే బయటికొస్తాయి. రేచెల్ మంచిదే, పిల్లలకి ఏ లోటూ చేయలేదు. కానీ ఆ ప్రేమలో ఊపిరాడక వాళ్ళలో కొందరు లోలోపల ఆవిణ్ణి ద్వేషించారు. కన్నతల్లి దగ్గర్నుంచి తెచ్చినందుకు మికీ ఎప్పటికీ క్షమించలేదు. హత్య పోలీసుల పని, ఈ ద్వేషం మాత్రం ఎవరూ పైకి చెప్పుకోలేనిది. దత్తత గురించి, రక్తం గురించి అందులో కొన్ని మాటలు మాత్రం ఇవాళ చదివితే చిరాకేస్తుంది. మధ్యలో విచారణ కూడా కొంచెం సాగుతుంది.

ఆ రోజుల్లో ఇంగ్లాండులో ఈ భయం కల్పన కాదు. కూతుర్ని చంపాడని టిమోతీ ఎవాన్స్‌ని 1950లో ఉరితీశారు. అదే ఇంట్లో కింద ఉండే జాన్ క్రిస్టీ (రచయిత్రితో చుట్టరికం ఏమీ లేదు, పేరు కలిసిందంతే) వరుస హంతకుడని 1953లో బయటపడింది. ఎవాన్స్‌కి క్షమాభిక్ష వచ్చింది 1966లో, అంటే పోయిన 16 ఏళ్ళకి.

మన దగ్గరా ఉంది. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో, హాస్టల్లో ఉండి ఫార్మసీ చదువుకుంటున్న అమ్మాయిని చంపేశారు. ఒక యువకుడికి 2010లో శిక్ష పడింది, 2017లో హైకోర్టు అతన్ని నిర్దోషిగా విడుదల చేసింది. నవలకి పూర్తిగా రివర్స్ ఏంటంటే, ఇతను కాదు అని అంటూ వచ్చింది ఆ అమ్మాయి అమ్మానాన్నలే. ఆర్గైల్ వాళ్ళకి దోషి దొరికితే చాలు, వీళ్ళకి నిజమే కావాలి. విడుదల తర్వాత కేసు మళ్ళీ మొదటికొచ్చింది, 2018లో సీబీఐకి అప్పగించారు. అన్నేళ్ళు జైల్లో ఉన్నవాడి జీవితం ఒకవైపు, ఎవరు చంపారన్న జవాబు లేని ఇల్లు ఇంకోవైపు. అలిబీ లాంటిదే తీర్పు కూడా: పేరు కొట్టేస్తుంది, ఖాళీని అలాగే వదిలేస్తుంది.

తన నవలల్లో బాగా తృప్తినిచ్చినవి రెండని క్రిస్టీ ఆత్మకథలో రాసుకుంది. ఒకటి 'క్రుకెడ్ హౌస్', రెండోది ఇదే. 2018లో బీబీసీ మూడు ఎపిసోడ్ల సిరీస్ తీసింది, చూడటానికి బాగుంటుంది. కానీ అందులో హంతకుణ్ణే మార్చేశారు. కాబట్టి సిరీస్ చూసేసినవాళ్ళు కూడా నిశ్చింతగా పుస్తకం తెరవొచ్చు.