పొగకు కోటా: ఆ లెక్క ఎవరిది?

సిరొంచ దిక్కు నుంచి వచ్చే మన తోటివాళ్లను అడగండి, 100 అనే అంకె వాళ్లకు బాగా గుర్తుంటుంది. మేడిగడ్డ బ్యారేజీలో నీళ్లు 100 మీటర్ల మట్టం దాకా నిలపాలని 2016 ఆగస్టులో తెలంగాణ, మహారాష్ట్ర ఒప్పందం చేసుకున్నాయి. మొదట ఇంకా ఎక్కువ ఎత్తు అనుకున్నారు. మీటరు పెరిగితే గోదావరి ఒడ్డున ఇంకొన్ని చేన్లు మునుగుతాయి కాబట్టి ఆ అంకె మీద అంత పేచీ నడిచింది.

ఇప్పుడు ప్రభుత్వాలు పొగకు కూడా అట్లాంటి అంకెలు పెడుతున్నాయి. బడిలో మనం బొగ్గుపులుసు వాయువు అని చదువుకున్న కార్బన్ డయాక్సైడ్‌ను ఒక ఫ్యాక్టరీ ఏడాదికి ఎన్ని టన్నులు వదలొచ్చో చెప్పి, టన్నుకు ఒకటి చొప్పున అనుమతులు ఇస్తారు. తక్కువ వదిలినవాళ్లు మిగిలినవి అమ్ముకోవచ్చు. ఎక్కువ వదిలినవాళ్లు కొనుక్కోవాలి. అంటే ఉచితంగా దొరికిన అనుమతి పైసలతో సమానం. కోర్టు దాకా పోయేది అందుకే.

యూరప్‌లో ఈ పద్ధతి 2005లో మొదలైంది. 2008-2012 కాలానికి ఎస్టోనియా అడిగిన కోటాలో సుమారు 48 శాతం, పోలండ్ అడిగినదాంట్లో సుమారు 27 శాతం యూరోపియన్ కమిషన్ కోసేసింది. రెండు దేశాలూ కేసు వేశాయి. 2009 సెప్టెంబరులో కోర్టు కమిషన్ నిర్ణయాలను కొట్టేసింది. దేశం ఇచ్చిన లెక్కను పరిశీలించే అధికారం కమిషన్‌కు ఉంది గానీ, దాన్ని పక్కన పెట్టి సొంత లెక్క రుద్దే అధికారం లేదని చెప్పింది. అప్పీలులోనూ, 2012లో, అదే తీర్పు నిలిచింది.

ఆర్సెలర్ అనే ఉక్కు కంపెనీ వాదన వేరు. మా మీద కోటా పెట్టి అల్యూమినియం, ప్లాస్టిక్ వాళ్లను వదిలేశారు, ఇది వివక్ష అన్నది. కొత్త పద్ధతిని అంచెలంచెలుగా మొదలుపెట్టవచ్చని 2008 డిసెంబరులో కోర్టు ఆ వాదన తోసిపుచ్చింది.

కోటా మరీ ధారాళంగా ఇచ్చినా కష్టమే. యూరప్ మొదటి విడతలో అనుమతులు అవసరానికి మించి పంచారు. 2007లో వాటి ధర దాదాపు సున్నాకు పడిపోయింది. ఉత్తగా దొరికే దాని కోసం పొగ తగ్గించుకునేదెవరు?

మన దేశంలో 2025 అక్టోబరులో సిమెంట్, కాగితం, అల్యూమినియం, క్లోర్ ఆల్కలీ రంగాలకు లక్ష్యాలు ప్రకటించారు. చంద్రపూర్, మంచిర్యాల సిమెంట్ ఫ్యాక్టరీలు, బల్లార్‌పూర్, కాగజ్‌నగర్ కాగితం మిల్లులు ఈ రంగాలవే. అయితే ఇక్కడ హద్దు పెట్టింది మొత్తం పొగకు కాదు. ఒక టన్ను సరుకు తయారీకి ఇంత పొగ అని లెక్క. సరుకు ఎక్కువ తీస్తే మొత్తం పొగ పెరిగినా లక్ష్యం తప్పినట్టు కాదు.

పైన చెప్పిన కేసుల్లో కోర్టుకు పోయింది ప్రభుత్వాలు, కంపెనీలు. పొగ పీల్చే ఊళ్లవాళ్లు వాటిలో లేరు. మన దగ్గర ముసాయిదా వచ్చినప్పుడు అభ్యంతరాలు చెప్పడానికి అందరికీ గడువు ఇచ్చారు. మనలో ఎందరికి ఆ సంగతి తెలిసింది? ఈసారి ముసాయిదా వస్తే మూడు విషయాలు చూద్దాం: ఏ ఏడాది లెక్కను ఆధారం చేసుకున్నారు, ఆ లెక్క ఇచ్చిందెవరు, తప్పనిపిస్తే ఎక్కడ అడగాలి. బ్యారేజీ ఎత్తు గురించి సిరొంచ రైతులు అడిగింది కూడా ఇట్లాంటి ప్రశ్నలే.