కొన్న ఇంట్లో లోపం బయటపడితే



ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. ఆ అవస్థ పడలేకే కదా, నగలో నాణెమో అమ్మి, బ్యాంకులో అప్పు చేసి, కట్టిన ఇల్లే కొనుక్కుంటున్నాం! పాలు పొంగించుకుని సంతోషంగా ఇంట్లో చేరతాం. తీరా మొదటి వానలు పడేసరికి పడగ్గది గోడ మీద చెమ్మ మరక. వంటింటి కిటికీ మూల బీట. రోజంతా ఇంట్లో మెలిగేది మనమే గనక ముందుగా కనపడేది కూడా మన కంటికే.

అప్పుడు మనం ఏం చేస్తాం? నలుగురూ చూస్తే నామోషీ అని ఆ మరక మీద క్యాలెండరు తగిలిస్తాం. పండక్కి రంగు వేయించేస్తాం. లేదూ, ఇల్లు అచ్చిరాలేదేమోనని దిగులు పెట్టుకుంటాం. వీటిలో ఏదీ గోడను బాగుచేయదు. పైగా రంగు వేస్తే సాక్ష్యం చెరిగిపోతుంది, ఊరుకుంటే గడువు దాటిపోతుంది. అంచేత లోపం కనపడగానే కప్పేయకండి. తేదీ వేసి రాసిపెట్టండి, ఫోటో తీయండి.

ఆ తరువాత అది ఎటువంటి లోపమో గమనించాలి. ప్లాస్టరు మీద వెంట్రుక మందాన ఉండే నెర్రెలు సాధారణంగా పైపూతకు సంబంధించినవే. గుమ్మం, కిటికీ మూలల నుంచి ఏటవాలుగా సాగే బీటలు మాత్రం పునాది కదలికకు గుర్తు కావచ్చు. నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. పునాది తగినట్టు వేయకపోతే గోడలు బీటలు తీస్తాయి. బీట రెండు కొసల దగ్గరా పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ వేయండి. నెలకొకసారి చూస్తే అది పెరుగుతోందో ఆగిందో మీకే తెలుస్తుంది.

చెమ్మ సంగతీ అంతే. గోడ అడుగున రెండు మూడు అడుగుల ఎత్తు దాకా పెచ్చులూడి, తెల్లటి ఉప్పు పొడి తేలుతుంటే నేలలోని చెమ్మ పైకి పాకుతోందని అనుమానించాలి. వానాకాలంలోనే కనపడితే డాబానో, బయటి గోడో చూడాలి. ఏడాది పొడుగునా తడిగానే ఉంటే గోడలో పైపు కారుతూ ఉండవచ్చు. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి, ట్యాంకులూ సంపులూ నిండాక నీళ్ల మీటరు చూడండి. అప్పుడూ అది తిరుగుతోందంటే ఎక్కడో నీరు పోతోందన్నమాట.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం పనికిరాదు. స్లాబు కింద పెచ్చులూడి ఇనుప చువ్వలు కనపడితే ముందు పిల్లల మంచాలు అక్కణ్ణుంచి తీసేయండి. మేస్త్రీ చేత సిమెంటు పూయించి ఊరుకుంటే లోపల తుప్పు పెరుగుతూనే ఉంటుంది. స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించి, ఆయన చెప్పినది కాగితం మీద రాయించుకోండి.

మరి ఖర్చు ఎవరు పెట్టుకోవాలంటారా? అది మీరు ఎవరి దగ్గర కొన్నారన్న దాన్ని బట్టి ఉంటుంది.

బిల్డరు దగ్గర కొన్నారనుకోండి. 2016లో వచ్చిన రియల్ ఎస్టేట్ చట్టం ఉంది, అందరూ రేరా అంటున్నారే, అదే. ఇల్లు స్వాధీనం చేసిన నాటి నుంచి 5 సంవత్సరాల లోపల కట్టడంలో గానీ, పనితనంలో గానీ లోపం ఉందని తెలియజేస్తే, బిల్డరు 30 రోజుల్లో తన ఖర్చుతో బాగుచేయాలి. చేయకపోతే నష్టపరిహారం అడగవచ్చు. స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, ఫ్లాట్లు 8 మించకపోయినా రేరా రిజిస్ట్రేషన్ అక్కరలేదు. అటువంటి చిన్న కట్టడాలు కొన్నవారికి వినియోగదారుల కమిషన్ ఉంది. చెల్లించిన సొమ్ము 50 లక్షల దాకా అయితే జిల్లా కమిషన్‌కు, ఆపైన 2 కోట్ల దాకా రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. ఫిర్యాదుకు గడువు 2 సంవత్సరాలు. వకీలు లేకుండానే మీ గోడు మీరే చెప్పుకోవచ్చు.

పాత ఇల్లు సొంతదారు దగ్గర కొంటే దారి వేరు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం, మామూలు జాగ్రత్తతో చూస్తే కనపడని పెద్ద లోపం అమ్మేవారికి తెలిసి ఉంటే, కొనేవారికి చెప్పి తీరాలి. దాస్తే అది మోసం కిందికే వస్తుంది. కళ్లెదుట ఉన్న బీట చూసీ కొంటే మాత్రం అడగలేం. ఇది సివిల్ కోర్టు వ్యవహారం. వారికి ముందే తెలుసని మనం రుజువు చేయాలి. పాత కిరాయిదార్లు, ఇరుగుపొరుగు, రిపేరు చేసిన మేస్త్రీ చెప్పే మాటలు ఇక్కడే పనికొస్తాయి. దస్తావేజులో “ఉన్నది ఉన్నట్టుగా” కొన్నామన్న మాట ఉందేమో వకీలుకు చూపించి మరీ అడుగు వేయండి.

“రేపు మనిషిని పంపిస్తానమ్మా” అని ఫోనులో చెబుతూ నెలలు గడిపేసేవాళ్లు ఉంటారు. ఆ మాటల మీద ఉండకండి. లోపం ఏమిటి, ఏ రోజున కనపడింది, ఎన్నాళ్లలో బాగుచేయాలి అన్నవి ఒక ఉత్తరంలో రాసి, ఫోటోలు జతచేసి, స్పీడ్‌పోస్టులో పంపండి. నకలూ రసీదూ దాచుకోండి. ఇల్లు మీ పేరున ఉంటే సంతకం మీదే.

కారే పైపును అలాగే వదిలేయమని కాదు సుమండీ! ముందు ఫోటోలూ ఇంజనీరు రిపోర్టూ సిద్ధం చేసుకుని, తరువాత పని చేయించి, బిల్లులు జాగ్రత్త పెట్టండి.

“పోట్లాటలు మనకెందుకే” అని మీవారు అంటారేమో. ఇరవై ఏళ్లు వాయిదాలు కట్టవలసిన ఇల్లండీ ఇది. ఒక ఉత్తరం రాయడం పోట్లాట కాదని నచ్చజెప్పండి. ఇంట్లో చేరిన తేదీ ఏదో ఇవాళే కాగితాలు తీసి చూడండి. మీ గడువులో ఎంత మిగిలిందో తెలుస్తుంది.