అర్ధరాత్రి గుండె దడ... గ్యాసేనా?

రాజమహేంద్రవరంలోనో, కాకినాడలోనో గది తీసుకుని గ్రూప్స్‌కో, బ్యాంకు పరీక్షలకో చదివేవాళ్ల రాత్రులు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. తొమ్మిదిన్నరకి రీడింగ్‌ రూమ్‌ నుంచి బయటపడతారు. పది దాటాక బిర్యానీయో, పరోటాయో తింటారు. మళ్లీ పుస్తకం ముందు కూర్చోవాలి కదా, పైన ఓ స్ట్రాంగ్‌ టీ. ఒంటిగంటకి నడుం వాల్చితే పొట్ట ఉబ్బరం, ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు. ఆపైన గుండె దడదడా కొట్టుకోవడం. పక్క మంచం మీదివాడు కళ్లు తెరవకుండానే ‘గ్యాస్‌రా, సోడా తాగి పడుకో’ అంటాడు.

చాలాసార్లు అతను చెప్పింది నిజమే. చిక్కంతా మిగిలిన కొద్దిసార్లతోనే. అజీర్తి నుంచి ఛాతీ నొప్పి దాకా అన్నిటికీ మనం ‘గ్యాస్‌’ అనే ఒక్క మాటే వాడేస్తాం. ఆసుపత్రికి పరుగెత్తాల్సిన రాత్రి కూడా ఆ మాటే మనల్ని మంచం దిగనివ్వదు.

అసలు పొట్టకీ గుండెకీ సంబంధం ఏంటి? కడుపు నిండా తింటే అరుగుదల కోసం రక్తం అటు ఎక్కువగా వెళ్లాలి, దాంతో గుండె వేగం కొంచెం పెరుగుతుంది. వెంటనే పడుకుంటే ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. అన్నవాహిక గుండెకి సరిగ్గా వెనకే ఉంటుంది కాబట్టి మంట ఎక్కడ పుట్టిందో మనకి తెలీదు. కెఫీన్‌ సంగతి సరేసరి. రాత్రి పదింటికి తాగినదాంట్లో దాదాపు సగం తెల్లవారుజామున మూడింటికి కూడా ఒంట్లోనే ఉంటుంది. ఎనర్జీ డ్రింకుల్లో లీటరుకి 300 మిల్లీగ్రాముల దాకా కెఫీన్‌కి మన ఆహార నిబంధనలు అనుమతిస్తాయి. వీటికి తోడు ఆందోళన. పరీక్ష వాయిదా పడిందన్న వార్త వచ్చిన రాత్రి దడ ఎక్కువైతే ఆశ్చర్యపోవక్కర్లేదు!

దడ మొదలవగానే లేచి కూర్చోండి. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని 30 సెకన్లు లెక్కపెట్టి రెండుతో గుణించండి. విశ్రాంతిలో 60 నుంచి 100 మామూలే. తిన్నాక, భయపడ్డాక కాస్త పెరిగి కాసేపటికి దిగొస్తే కంగారు లేదు. కూర్చుని ఉన్నా 120 దాటి అలాగే ఉండిపోతే, లేదా స్విచ్‌ వేసినట్టు ఒక్కసారిగా 150 దాటితే డాక్టరు చూడాల్సిందే.

స్మార్ట్‌వాచీని ఎంతవరకు నమ్మాలి? చర్మం మీద పచ్చ వెలుగు వేసి, రక్తప్రవాహాన్ని బట్టి అది వేగాన్ని అంచనా వేస్తుంది. బెల్టు వదులైతే అంకె తప్పుతుంది. ఈసీజీ ఉన్న ఖరీదైన వాచీల్లోనూ ఉండేది ఒక్క లీడే. ఆసుపత్రిలో తీసేది 12 లీడ్ల ఈసీజీ. వాచీ ‘నార్మల్‌’ అందని గుండెపోటు కాదనుకోవద్దు. మాత్ర వేసుకోగానే మంట తగ్గిందన్నది కూడా రుజువు కాదు.

ఛాతీలో బిగుతు, బరువు కొన్ని నిమిషాలైనా పోకపోయినా, నొప్పి చేతికో దవడకో పాకినా, చల్లటి చెమటలు, ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం కనిపించినా ఇక గ్యాస్‌ చర్చ అనవసరం. 108కి ఫోన్‌ చేయండి. సొంతంగా బైక్‌ నడుపుకుంటూ వెళ్లొద్దు. రక్తపు వాంతి అయినా, మలం తారులా నల్లగా వచ్చినా అంతే. వయసు చూసి ధీమాగా ఉండొద్దు. 2023లో గుండెపోటుతో కుప్పకూలి, మూడు వారాలు పోరాడి కన్నుమూసిన నటుడు తారకరత్న వయసు 39.

అంత రాత్రప్పుడు చాలామందిని ఆపేది ఖర్చు, మొహమాటం. రాజమహేంద్రవరం, కాకినాడ ప్రభుత్వాసుపత్రుల్లో అత్యవసర విభాగం రాత్రంతా తెరిచే ఉంటుంది. ఈసీజీకి కొద్ది నిమిషాలు చాలు. గుండెపోటని తేలితే గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ని స్టెమీ కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు. ‘ఏమీ లేదు, గ్యాసే’ అని పంపించేస్తే ఇంకా మంచిది, హాయిగా నిద్రపడుతుంది.

వారానికి రెండుమూడుసార్లు ఇదే తంతు అయితే మెడికల్‌ షాపులో అడిగి నెలల తరబడి గ్యాస్‌ మాత్రలు మింగకండి. పగలు ఓపీకి వెళ్లండి. ఈసీజీతో పాటు రక్తహీనత, థైరాయిడ్‌ పరీక్షలు రాస్తారు. ముఖ్యంగా హాస్టల్‌ అమ్మాయిల్లో దడకి రక్తం తక్కువగా ఉండటమే కారణం కావచ్చు. వెళ్లేముందు దడ ఎన్నింటికి మొదలైందో, నాడి ఎంత ఉందో, ఆ రాత్రి ఏం తిన్నారో చీటీ మీద రాసుకోండి. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉంటే అది డాక్టరుకి ముందే చెప్పండి.