శ్రీశైల జలాశయము - అడుగుల లెక్క

కృష్ణకు వరద వచ్చినదని వినగానే మన రైతుసోదరులు మొదట నడుగు ప్రశ్న "శ్రీశైలమున నీరెన్ని యడుగు లున్నది?" అని. ఎన్ని టి.యం.సి.లని యడుగువారు తక్కువ.

నల్లమల కొండల నడుమ నది యిరుకైన లోయలో పారుచోట, 1963 జూలైలో జవహర్‌లాల్ నెహ్రూగారు ఈ యానకట్టకు శంకుస్థాపన గావించిరి. నాటి యుద్దేశము పంటకాలువ గాదు, విద్యుత్తు. పని యించుమించు రెండు దశాబ్దములు సాగెను. నేడు కుడిగట్టున 110 మెగావాట్ల యంత్రము లేడును, ఎడమగట్టున కొండగర్భములో 150 మెగావాట్లవి యారును గలవు. ఎడమగట్టు యంత్రములు, వినుటకు వింతయైనను, వెనుకకు తిరిగి దిగువనీటిని మరల పైకి తోడగలవు.

విద్యుత్తు పుట్టించుటలో నీరు ఖర్చుకాదు. ఎత్తునుండి పడి, చక్రమును త్రిప్పి, నాగార్జునసాగరము జేరును. అచటి యాయకట్టు రైతున కది లాభమే. చిక్కంతయు ఆనకట్టకు ఎగువ నీరు తీసికొనువారిది. జలాశయపు టంచున పోతిరెడ్డిపాడు తలుపులగుండ నీరు తనంతట తానే కాలువలోనికి పారి రాయలసీమ చేలకును, చెన్నపట్టణపు త్రాగునీటికిని పోవలయును. పాలమూరువైపు కల్వకుర్తి యెత్తిపోతలకును ఈ నీరే యాధారము. నిండుమట్టము 885 అడుగులు. అది 854 అడుగులకు దిగినచో పోతిరెడ్డిపాటి కాలువ నీరసించును. యంత్రములో, అంతకంటె దిగువమట్టమునను తిరుగగలవు. కావున నీటిని దీపమునకు విడువవలయునా, చేనికి నిలుపవలయునా యను తగవు తప్పదు. 2014లో రాష్ట్రము రెండై, కుడిగట్టు కేంద్రము ఆంధ్రప్రదేశమునకును, ఎడమగట్టుది తెలంగాణమునకును పోయినపిదప తగవు మరింత ముదిరినది.

బావులకు మోటారులు బిగించుకొన్న మనము విద్యుత్తును నిందింపరాదు. పొంగిపొరలు వరదనాళ్ల యంత్రములను నిండుగా త్రిప్పి, వరద తగ్గినతోడనే మట్టమును గాపాడవలయునని మా యభిప్రాయము.

అడుగులు మాత్రమే చూచువారు మరచునది యొకటి కలదు. నిండుమట్టమున మొదట 308 టి.యం.సి.లు, అనగా ఒక్కొక్కటి నూరుకోట్ల ఘనపుటడుగుల చొప్పున, పట్టిన జలాశయము తరువాతి కొలతలలో సుమారు 215 మాత్రమే పట్టునని తేలినది. తక్కిన చోటు నొండ్రు ఆక్రమించినది. అది ఎగువ కృష్ణా తుంగభద్రల పరీవాహమున వానకు కోసికొనిపోయిన మట్టి. అందు గట్లు లేని మన చేలమట్టియు గలదు. 885 అడుగులని పత్రికలో చదివినంతమాత్రమున పూర్వపు నీ రున్నట్లు గాదు.

ఈ నీరు నిలుచుటకై నాటి కర్నూలు, మహబూబునగరు జిల్లాలలో నూరు గ్రామముల వరకు ఖాళీ యయ్యెను. 1981లో అనేక గ్రామములవారిని బలవంతముగ లేపిరి. మునిగినవానిలో తరతరములుగ పండిన నదీతీరపు మేలిభూములు గలవు. ముంపు కుటుంబముల కుద్యోగము లీయుటకై 1986లో ప్రభుత్వము 98వ సంఖ్య యుత్తరువు వెలువరించెను. ఆ కాగితము పట్టుకొని కచేరీలచుట్టు తిరిగినవారిలో పెక్కుమంది ఉద్యోగము చూడకయే ముదుసళ్లైరి.

ముచ్చుమర్రి సమీపమున సంగమేశ్వరాలయముగూడ ఈ జలాశయములోనిదే. వేసవిలో మట్టము బాగుగ తగ్గినపుడది నీటినుండి బయటపడును. జనులు పోయి పూజలు చేసికొందురు. వరద రాగానే మరల శిఖరముతో గూడ మునిగిపోవును.